పైడిభీమవరం మందు వేరు, బయోఫార్మా మందు వేరు: శాంతా బయోటెక్నిక్స్ చరిత్ర, లోపలి పని

అడిగిన ప్రశ్న ఇది: "శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను, మాది పలాస వైపు. మా మావయ్యకి డయాలసిస్‌లో వేసే ఎరిత్రోపోయిటిన్ సూదిని బయోసిమిలర్ అన్నారు. ఇది పైడిభీమవరం కంపెనీల్లో చేసే మందుల్లాంటిదేనా? శాంతా బయోటెక్నిక్స్ లాంటి కంపెనీ ఎలా మొదలైంది, లోపల ఏం పని చేస్తారు, నాలాంటివాళ్లు ఏం నేర్చుకుని వెళ్లాలి?"

కాదండీ, రెండూ ఒకటి కాదు. పైడిభీమవరం, పరవాడ మందుల యూనిట్లలో ఎక్కువగా జరిగేది కెమిస్ట్రీ. రియాక్టర్‌లో రసాయనాలు వేసి, సాల్వెంట్‌లో వేడిచేసి, చల్లార్చి స్ఫటికాలు కట్టించి, సెంట్రిఫ్యూజ్‌లో పిండి, డ్రయ్యర్‌లో ఆరబెడతారు. ఉదాహరణకి పారాసిటమాల్ అణుభారం 151. దాన్ని ఎవరు ఏ దారిలో చేసినా చివర్లో వచ్చేది అదే అణువు. మలినాలు ఎంత ఉన్నాయో హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) మీద చూస్తే మందు సంగతి దాదాపు తేలిపోతుంది.

మీ మావయ్యగారి సూదిలోని ఎరిత్రోపోయిటిన్, ఒంట్లో ఎర్రకణాల్ని తయారుచేయించే 165 అమైనో ఆమ్లాల ప్రోటీన్. బరువు సుమారు 30,000. అందులో దాదాపు 40 శాతం ప్రోటీనే కాదు, దాని మీద కొమ్మల్లా అతుక్కున్న చక్కెర గొలుసులు. దీన్ని రియాక్టర్‌లో కలిపి చెయ్యలేం. చైనీస్ హ్యామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు అండాశయ కణాల్లో మనిషి జన్యువు పెట్టి, వాటిని బయోరియాక్టర్‌లో (కణాలు పెంచే ట్యాంకులో) పెంచి వాటిచేత చేయిస్తారు. అమైనో ఆమ్లాల వరస ప్రతి కంపెనీలోనూ ఒకటే. చక్కెర గొలుసులు మాత్రం మీడియా (కణాలకిచ్చే పోషక ద్రావణం), ఉష్ణోగ్రత, ఆక్సిజన్, కణాలు ఎన్ని రోజులు పెరిగాయి అన్నవాటిని బట్టి మారతాయి. ఆ గొలుసులు సరిగ్గా లేకపోతే మందు ఒంట్లో నిలవదు, కాలేయం త్వరగా లాగేస్తుంది. అందుకే దీన్ని, అచ్చం అదే అణువున్న మందులా, జెనరిక్ అనరు; అసలుదానికి బాగా దగ్గరైనది అనే అర్థంలో బయోసిమిలర్ అంటారు. మన దేశంలో వీటికి విడిగా మార్గదర్శకాలు 2012లో వచ్చాయి, 2016లో సవరించారు.

తయారీలో చిన్న మార్పు ఎంత పని చేస్తుందో ఇదే మందు చరిత్రలో ఉంది. యూరప్‌లో అమ్మే ఎప్రెక్స్ అనే ఎరిత్రోపోయిటిన్‌లో 1998లో స్థిరత్వం కోసం వేసే మనిషి ఆల్బుమిన్ తీసేసి పాలిసార్బేట్ 80 పెట్టారు. మందు ప్రోటీన్ మారలేదు. అయినా తర్వాతి మూడు నాలుగేళ్లలో చర్మం కింద ఆ సూది వేయించుకున్న కిడ్నీ రోగుల్లో కొందరికి ఎర్రకణాల తయారీ పూర్తిగా ఆగిపోయింది. మందుకే కాక, ఒంట్లో సహజంగా ఉండే ఎరిత్రోపోయిటిన్‌కి కూడా యాంటీబాడీలు పుట్టాయి. ప్రీఫిల్డ్ సిరంజీ రబ్బరు నుంచి పాలిసార్బేట్ లాగిన పదార్థాలే కారణమని గట్టి అనుమానం. రబ్బరుకి పూత వేశాక, సూదిని నరంలోకి మార్చాక కేసులు బాగా తగ్గాయి. మీరు ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ ఒక్క ఉదంతం క్షుణ్ణంగా చదవండి. రబ్బరు బిరడా మార్చడానికి క్వాలిటీవాళ్లు నెలల తరబడి కాగితాలు ఎందుకు అడుగుతారో అర్థమవుతుంది.

ఇక శాంతా చరిత్ర. అది హెపటైటిస్-బి టీకాతో ముడిపడినది. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్‌ని బారుక్ బ్లుంబర్గ్ 1960లలో కనిపెట్టారు, 1976లో నోబెల్ వచ్చింది. మొదటి టీకాని వైరస్ మోసేవాళ్ల రక్తం నుంచి తీసేవారు. 1986లో అమెరికాలో ఈస్ట్‌లో తయారైన టీకాకి అనుమతి వచ్చింది. మనుషులకి వేసే టీకాల్లో జన్యు పునస్సంయోజనంతో చేసిన మొదటిది అదే. మన దేశానికి దిగుమతై వచ్చేసరికి డోసు వందల రూపాయలు. శ్రీకాకుళం పల్లెలో కూలీ ఇంటికి అది అందే ధర కాదు.

కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, అంతకుముందు బ్యాటరీల రంగంలో పనిచేశారు. విదేశీ కంపెనీల దగ్గర టెక్నాలజీ కొనబోతే దొరకలేదు. 1993లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ అనే హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో అద్దె చోటులో సాగింది. ఇక్కడి బ్యాంకులు ముందుకు రాని రోజుల్లో ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. 1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి మార్కెట్లోకి వచ్చింది. దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు పునస్సంయోజన) టీకా అదే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత చూసి ఇచ్చే ముందస్తు ఆమోదం) రావడంతో యూనిసెఫ్ వంటి సంస్థలకి అమ్మే తలుపు తెరుచుకుంది. ఫ్రాన్స్‌కి చెందిన మెరియు సంస్థ మెజారిటీ వాటా తీసుకుంది. 2009లో కంపెనీకి 55 కోట్ల యూరోల విలువ కట్టి ఆ వాటాని సనోఫీ కొంది. తర్వాత పేరు కూడా సనోఫీ హెల్త్‌కేర్ ఇండియాగా మారింది. కాబట్టి ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల్లో "శాంతా" అని వెతికితే దొరకదు.

శాంతా పక్కనే 1996లో మొదలైన భారత్ బయోటెక్ కూడా హెపటైటిస్-బి టీకా తెచ్చింది. పోటీ రావడంతో ధర పడింది. ఆ ధరల వల్లే ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది చేరడం సాధ్యమైంది. 2002 ప్రాంతంలో ప్రయోగాత్మకంగా మొదలై, 2011కి దేశమంతటికీ వచ్చింది. అందరూ "జన్యువుని ఈస్ట్‌లో పెట్టారు" అన్న చోటే ఆగిపోతారు. నా లెక్కలో అది ఈ కథలో తేలిక భాగం. ఒకసారి పనిచేసే క్లోన్ (ఒకే కణం నుంచి వచ్చిన సంతతి) దొరికాక, వంద బ్యాచ్‌లు ఒకేలా రప్పించడమే కంపెనీ.

లోపలి పని చెబుతాను. శాంతా వాడింది పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్. వాళ్ల సొంత అంకెలు కంపెనీ రహస్యం, కింద ఇచ్చినవి పికియాకి లోకమంతా వాడే మామూలు పద్ధతివి.

అన్నిటికీ మూలం సెల్ బ్యాంక్. ఒక్క క్లోన్‌ని పెంచి, చిన్న చిన్న వయల్స్‌లో గ్లిసరాల్‌తో కలిపి మైనస్ 70 డిగ్రీల కింద దాస్తారు. ఇది మాస్టర్. అందులో ఒక వయల్ తీసి పెంచితే వచ్చేవి వర్కింగ్ సెల్ బ్యాంక్. ప్రతి బ్యాచ్‌కి వర్కింగ్ బ్యాంక్ నుంచి కొత్త వయల్ తీస్తారు. నిన్నటి పెరుగులోంచి ఇవాళ తోడు వేసినట్టు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి వెయ్యరు, అలా చేస్తే కొన్నాళ్లకి జన్యువు పోగొట్టుకున్న కణాలే మిగలొచ్చు. బ్యాంకుని రెండు వేర్వేరు చోట్ల ఉంచుతారు, ఫ్రీజర్ ఒకటి చెడితే కంపెనీ మూతపడకూడదు కదా.

వయల్ నుంచి ఫ్లాస్కు, ఫ్లాస్కు నుంచి సీడ్ ఫెర్మెంటర్ (ఈస్ట్ పెంచే చిన్న ట్యాంకు), అక్కడి నుంచి పెద్ద ఫెర్మెంటర్. అక్కడ 30 డిగ్రీలు, పీహెచ్ 5, ఆహారంగా లీటరుకి 40 గ్రాముల గ్లిసరాల్. పీహెచ్ పడిపోకుండా అమోనియా ద్రావణం ఎక్కిస్తారు, అదే నైట్రోజన్ ఆహారం కూడా. 18 నుంచి 24 గంటల్లో గ్లిసరాల్ అయిపోతుంది. అయిపోయిన క్షణం స్క్రీన్ మీద కనబడుతుంది, అంతసేపూ కిందికి దిగుతూ వచ్చిన డీవో (ద్రవంలో కరిగున్న ఆక్సిజన్) గీత ఒక్కసారి నిటారుగా పైకి లేస్తుంది. తినడానికి ఏమీ లేక ఈస్ట్ ఆక్సిజన్ వాడటం మానేసిందన్నమాట. ఆ తర్వాత ఓ నాలుగు గంటలు గ్లిసరాల్ కొంచెం కొంచెంగా ఇచ్చి కణాల్ని చిక్కబరుస్తారు. అప్పుడు మిథనాల్ మొదలవుతుంది.

మిథనాల్ ఇక్కడ సాల్వెంట్ కాదు, ఆహారమూ స్విచ్చూ. పెట్టిన జన్యువు ముందు ఏఓఎక్స్1 అనే ప్రమోటర్, అంటే జన్యువుని పనిలోకి దింపే డీఎన్ఏ ముక్క, ఉంటుంది, మిథనాల్ తగిలితేనే అది తెరుచుకుంటుంది. మొదట లీటరుకి గంటకి 3.6 మి.లీ., కణాలు అలవాటు పడ్డాక 7.3, ఆ తర్వాత 10.9 దాకా పెంచుతారు. తొందరపడి పెంచితే మిథనాల్ పేరుకుని ఈస్ట్ చచ్చిపోతుంది. పేరుకుందో లేదో తేల్చడానికి షిఫ్టులో అందరూ చేసే పరీక్ష ఒకటుంది: పంపు ఆపి గడియారం చూడటం. నిమిషంలోపు డీవో ఎగిస్తే మిథనాల్ అప్పటికప్పుడే ఖర్చవుతున్నట్టు. ఎగవకపోతే లోపల నిలవ ఉన్నట్టే, ఫీడు తగ్గించాలి. డీవో 20 శాతం కిందికి పోకూడదు. ఉష్ణోగ్రత 32 దాటితే ప్రోటీన్ తయారీ పడిపోతుంది. మిథనాల్ మీద పెరిగే ఈస్ట్ విపరీతమైన వేడి పుట్టిస్తుంది కాబట్టి మే నెలలో చిల్లర్ నీళ్లు చాలక ఫీడు తగ్గించుకోవాల్సి వస్తుంది. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు. ఎర్తింగు, ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్లు, నైట్రోజన్ బ్లాంకెట్ ఇవన్నీ పైడిభీమవరంలో చేసినవాళ్లకి కొట్టిన పిండి. బయోటెక్ డిగ్రీవాళ్లు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, అదే నాకు నచ్చని విషయం.

కంటామినేషన్ (బయటి సూక్ష్మజీవులు చేరడం) ఎక్కడి నుంచి వస్తుందని అందరూ అడుగుతారు. గాలి ఫిల్టర్లని అనుమానిస్తారు, కానీ ఎక్కువసార్లు దొంగ స్టీము దగ్గరే దొరుకుతాడు. ఖాళీ ఫెర్మెంటర్‌ని, పైపుల్ని 121 డిగ్రీల స్టీముతో 30 నిమిషాలు స్టెరిలైజ్ చేస్తారు. పైపులో ఎక్కడైనా వాలు సరిగా లేక నీరు నిలిచినా, స్టీము ట్రాప్ (నీటిని బయటికి వదిలి స్టీముని ఆపే వాల్వు) మూసుకుపోయినా ఆ ముక్క 121కి చేరదు. పానెల్ మీద మాత్రం వెసెల్ ఉష్ణోగ్రత బాగానే చూపిస్తుంది. అందుకే పద్ధతి నిజంగా పనిచేస్తుందని రుజువుచేసే వాలిడేషన్‌లో థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) పైపు చివర్లలో, కాండెన్సేట్ దిగే చోట పెడతారు, వెసెల్ మధ్యలో కాదు. రెండో చోటు చల్లార్చేటప్పుడు. స్టీము నీరుగా మారగానే లోపల వ్యాక్యూమ్ వస్తుంది. ప్రెషర్ సున్నాకి రాకముందే స్టెరైల్ గాలి తెరవాలి. ఆలస్యమైతే షాఫ్ట్ సీల్ దగ్గర, పాత ఓ-రింగు దగ్గర బయటి గాలిని అదే లోపలికి పీల్చుకుంటుంది. సీడ్ వేసిన పన్నెండు గంటలకి, పడాల్సిన వేళకి ముందే డీవో పడుతుంది, అమోనియా వాడకం లెక్క తప్పుతుంది, మైక్రోస్కోపు కింద గుండ్రటి ఈస్ట్ మధ్య కడ్డీల్లాంటి బాక్టీరియా ఈదుతుంటాయి. ఇక ఆ బ్యాచ్‌ని చంపి పారబొయ్యాల్సిందే. జన్యువు మార్చిన జీవి కాబట్టి ఊరికే డ్రైనేజీలోకి వదలకూడదు, కిల్ ట్యాంకులో వేడిచేశాకే ఈటీపీకి (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకి) పంపాలి. 1989 నాటి కేంద్ర నిబంధనలు, కంపెనీలో ఉండే బయోసేఫ్టీ కమిటీ చూసేది దీన్నే.

హెపటైటిస్-బి ప్రోటీన్ పికియా బయటికి వదలదు, కణం లోపలే ఉంటుంది. కాబట్టి కణాల్ని అధిక పీడనంతోనో, గాజు పూసల మిల్లుతోనో పగలగొట్టి, డిటర్జెంట్‌తో విడదీసి, సిలికా మీద పట్టించి, కాలమ్స్ (వడపోత పదార్థం నింపిన గొట్టాలు) మీద శుభ్రం చేస్తారు. 226 అమైనో ఆమ్లాల ప్రోటీన్లు బోలెడు కలిసి 22 నానోమీటర్ల గుండ్రటి కణాలుగా ఏర్పడాలి. విడి ప్రోటీన్ ఎంత శుభ్రంగా ఉన్నా టీకాగా పెద్దగా పనికిరాదు. ఇక్కడ లెక్క చూడండి. ఆరు దశలుండి ఒక్కోదాంట్లో 90 శాతం దక్కితే చివరికి మిగిలేది 53 శాతం. ఒక్కోదాంట్లో 80 దక్కితే 26 శాతమే. అందుకే డౌన్‌స్ట్రీమ్‌లో, అంటే ఈ శుద్ధి పనిలో, ఒక దశ ఎత్తేయగలిగినవాడు జీతం కన్నా ఎక్కువ సంపాదించి పెట్టినట్టు.

శుభ్రమైన ప్రోటీన్‌ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో స్టెరైల్ చేసి, ఆ తర్వాతే, టీకా ప్రభావాన్ని పెంచే అల్యూమినియం జెల్ మీద పట్టిస్తారు. ఈ వరస తిరగబడటానికి వీల్లేదు. జెల్ కణాలు ఫిల్టర్‌లో పట్టవు, కాబట్టి జెల్ కలిసిన క్షణం నుంచి వయల్‌కి మూత పడేదాకా సూక్ష్మజీవిని తీసేసే అవకాశం మళ్లీ ఉండదు. ఆ గదుల్లో గౌను వేసుకోవడం, చేతులు కదిపే తీరు కూడా పరీక్ష పెట్టి పాస్ చేసేది ఇందుకే. మందుకి బదులు పోషక ద్రావణం నింపి, ఏదీ మొలవలేదని చూపించే మీడియా ఫిల్ మొదట వరసగా 3 సార్లు, తర్వాత 6 నెలలకోసారి చేస్తారు.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను, అవి మీ సిలబస్‌లో ఉంటాయి: ఎలైజాతో పొటెన్సీ (టీకా బలం), ఎస్‌డీఎస్-పేజ్‌తో శుద్ధి, ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం), 14 రోజుల స్టెరిలిటీ. టీకా అయితే కంపెనీ పాస్ చేసినా చాలదు, కసౌలీలోని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీ కూడా బ్యాచ్‌ని విడుదల చెయ్యాలి.

అన్నీ పాసయ్యాక కూడా దెబ్బ తగలొచ్చు. శాంతా ఐదు జబ్బులకి ఒకే టీకాగా చేసిన శాన్5కి 2008లో ప్రీక్వాలిఫికేషన్ వచ్చింది, యూనిసెఫ్ నుంచి సుమారు 34 కోట్ల డాలర్ల ఆర్డరు దక్కింది. 2010లో కొన్ని వయల్స్‌లో తెల్లటి మడ్డి గాజు గోడకి అంటుకుని, ఊపినా కలవడం లేదని ఫిర్యాదులొచ్చాయి. అలాంటి టీకాలో మొదటి బిడ్డకి ఎంత డోసు వెళ్లిందో, చివరి బిడ్డకి ఎంత వెళ్లిందో చెప్పలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోంచి తీసేసింది, ఆర్డరు పోయింది. తిరిగి చేరడానికి 2014 దాకా పట్టింది. జెల్, యాంటిజెన్లు (టీకాలోని అసలు ప్రోటీన్ల వంటివి), గాజు మూడూ కలిసి నెలల తర్వాత ఎలా ప్రవర్తిస్తాయో చూసే స్టెబిలిటీ విభాగాన్ని "ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయే ఉద్యోగం" అని ఎగతాళి చేసేవాళ్లకి ఈ కథ చెప్పండి.

కోల్డ్ చెయిన్ విషయంలో మన ప్రాంతంలో ఒక అపోహ ఉంది, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని. జెల్ ఉన్న టీకాకి వేడి కన్నా గడ్డకట్టడమే పెద్ద శత్రువు. హెపటైటిస్-బి, పెంటావాలెంట్ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. సీతంపేట, సాలూరు కొండలెక్కే ఏఎన్ఎం క్యారియర్‌లో ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాక్ వెంటనే పెడితే, దాన్ని ఆనుకున్న వయల్ గడ్డకడుతుంది. ప్యాకుని బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడ్డాకే పెట్టాలి. అనుమానం వస్తే షేక్ టెస్ట్: కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే బ్యాచ్ వయల్‌నీ, అనుమానమున్న వయల్‌నీ కలిపి ఊపి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి అరగంట చూడాలి. అనుమానపు వయల్ కూడా గడ్డకట్టించినదానంత వేగంగా పేరుకుంటే పనికిరాదు. వయల్ మీద రంగు మారే వీవీఎం అనే గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది, గడ్డకట్టిందని చెప్పదు.

మీ మావయ్యగారి సూదికీ 2 నుంచి 8 డిగ్రీలే. ఫ్రిజ్ తలుపులో కాదు, ఫ్రీజర్ పెట్టె కింద ఆనించి కూడా కాదు, మధ్య అరలో డబ్బాతో సహా ఉంచండి. ఊపకండి, ఊపితే ప్రోటీన్ ముద్దలు కడుతుంది. నురగో తేలే పోగులో కనబడితే వాడొద్దు. పలాస ఆసుపత్రి నుంచి ఉద్దానం ఊళ్లకి తెచ్చుకునేటప్పుడు ఐస్‌కీ డబ్బాకీ మధ్య మందపాటి గుడ్డ ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు, ఇంటి ఫ్రిజ్ కొన్ని గంటలకి మించి చల్లదనం నిలపదు. తుఫాను హెచ్చరిక రాగానే సూదుల్ని జనరేటర్ ఉన్న చోట ఉంచేలా డయాలసిస్ సెంటరువాళ్లతో ముందే మాట్లాడుకోండి. బ్రాండు మారితే పేరు, బ్యాచ్ నంబరు, తేదీ నోటుబుక్కులో రాయండి. సూది వేస్తున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే వెంటనే బ్రాండుని తిట్టకండి. ఎక్కువసార్లు ఇనుము చాలకపోవడమో, ఇన్ఫెక్షనో కారణం. ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్షలు చూశారా అని డాక్టరుగారిని అడగండి.

ఉద్యోగం మాటకొస్తే, ఈ పని ఎక్కువగా హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీ, మేడ్చల్ వైపే ఉంది. ఇంట్లోవాళ్లు దగ్గర్లోనే ఉండమంటే పైడిభీమవరంలో క్వాలిటీ కంట్రోల్‌లోనో ప్రొడక్షన్‌లోనో ఏడాది రెండేళ్లు చేసినా నష్టం లేదు. బ్యాచ్ రికార్డు రాయడం, డీవియేషన్ (పద్ధతి తప్పిన సంఘటన), కాపా (దాన్ని సరిదిద్ది, మళ్లీ రాకుండా చూసే చర్య), ఆడిట్ భయం రెండుచోట్లా ఒకటే. రాయనిది చెయ్యనట్టే లెక్క, తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. వైట్‌నర్ వాడితే ఆ రోజుతో సరి. మీ తమ్ముళ్లలో ఐటీఐ, డిప్లొమావాళ్లుంటే బాయిలర్, చిల్లర్, హెచ్‌వీఏసీ (గదుల గాలి, ఏసీ వ్యవస్థ), ఇన్‌స్ట్రుమెంటేషన్ వైపు రమ్మనండి. స్టీము ట్రాప్ చూసి తప్పు పట్టగలిగే మనిషి కోసం ప్రతి ఫెర్మెంటర్ హాలూ ఎదురుచూస్తుంటుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుని డబ్బిచ్చి కొనకుండా మీ చేత్తో చెయ్యండి. చిన్న ఫెర్మెంటర్ దొరకకపోతే ఫ్లాస్కులో ఈస్ట్ పెంచి రెండు గంటలకోసారి ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత) తీసి గ్రోత్ కర్వ్ గీసినా చాలు. ఇంటర్వ్యూలో "డబ్లింగ్ టైమ్ ఎంత వచ్చింది, ఎందుకలా" అని అడిగితే కొన్నవాడు నోరెళ్లబెడతాడు. డైల్యూషన్ లెక్కలు కాగితం లేకుండా రావాలి. పైపెట్టు పట్టుకునే తీరు, లామినార్ ఫ్లో (శుద్ధి చేసిన గాలి వీచే బల్ల) కింద చెయ్యి తెరిచిన సీసా మీదుగా పోనివ్వకపోవడం వాళ్లు మాటల్లో అడగరు, ల్యాబ్‌లోకి తీసుకెళ్లి చూస్తారు. చేరేముందు అప్‌స్ట్రీమా (కణాలు పెంచే పని), డౌన్‌స్ట్రీమా, ఫిల్లింగా, క్యూసీయా అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఫిల్లింగ్ లైన్‌లో పడితే రోజూ గంటల తరబడి గౌనులో, కళ్లజోడులో కదలకుండా నిలబడాలి, అది అందరికీ పడదు. ఫెర్మెంటేషన్ అయితే నైట్ షిఫ్టు ఖాయం, ఈస్ట్‌కి ఆదివారం తెలీదు. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టమన్న కన్సల్టెన్సీకి మాత్రం రూపాయి ఇవ్వకండి, అసలు కంపెనీ ఏదీ అలా అడగదు.